చెబెట్‌తో చెప్పించిన మాటలు

నవంబర్ 3

ఇవాళ కూడా ఆయనతో మాట్లాడలేదు. నాకేమీ ఇబ్బందిగా లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది, చేతినిండా పని ఉంది, పలకరించడానికి పైన కిరాయికుండే చెబెట్ ఉంది. ఇంకేం కావాలి?

ఎందుకు రాస్తున్నానంటే, మర్చిపోతానేమోనని. కోపాన్ని మర్చిపోవడం నాకున్న రోగం. దసరా వెళ్ళాక మా అక్క మోకాలి ఆపరేషన్‌కని సిద్దిపేట పోయాను. తిరిగొచ్చి గేటు తీస్తే పెరట్లో కొట్టం లేదు. కొట్టంలో ఉండాల్సిన సుక్కి లేదు. నుదుటి మీద తెల్లచుక్కతో పుట్టిందని ఆ పేరు పెట్టి, దూడగా ఉన్నప్పటి నుంచీ నా చేతులతో సాకిన బర్రె. అందులోనూ ఇప్పుడు చూడితో ఉంది. దాని చోట సిమెంటు బస్తాలు, ఇనుప పైపులు ఉన్నాయి.

"కారు షెడ్డు ఏపిస్తున్న," అన్నాడు ఆయన, నేనేదో బహుమతి ఇమ్మని అడిగినట్టు. "గా పైనోళ్ళు బర్రెను జూసి బయపడుతున్నరు. ఖాళీ జేసి పోతే మళ్ల గసుంటోళ్ళు దొరుకుతరా? శామీర్‌పేట మైసయ్యకిచ్చిన. మంచిగ సూసుకుంటడు తీయ్."

"సుక్కి మళ్ల గీ గేట్ల అడుగు వెట్టిందాక నీతోని మాట్లాడ," అన్నాను. నవ్వాడు. అదే ఆఖరు.

పైవాళ్ళు భయపడ్డ మాట నిజమే. రెండేళ్ళ కింద కెన్యా నుంచి వచ్చి, శామీర్‌పేట రోడ్డు మీది క్రైస్తవ స్కూల్లో పనికి కుదిరి, మా మేడ మీద దిగారు. మొగుడు కిప్రోనో లెక్కల సారు. పెళ్ళాం చెబెట్ పాటలు నేర్పుతుంది, ఆడపిల్లల హాస్టల్ కూడా చూసుకుంటుంది. వాళ్ళ దేశంలో బర్రెలు అడవిలోనే ఉంటాయట, మనుషుల్ని పొడిచి చంపుతాయట. దిగిన రోజు సుక్కి తల తిప్పి చూసేసరికి చెబెట్ సూట్‌కేసు వదిలేసి మెట్లెక్కి తలుపేసుకుంది. కానీ ఆ పాలే కదా రెండేళ్ళు తాగారు! అమ్మేయమని ఒక్కనాడు అనలేదు. ఈయనకు కారు నీడన పెట్టుకోవాలన్న సంబరం. వాళ్ళ భయం దొరికింది, అంతే.

నవంబర్ 5

పొద్దున చెబెట్ కరివేపాకు కోసం కిందికి వచ్చింది. ఆయన వంటింటి గడప దగ్గర నిలబడి దగ్గుతున్నాడు. చాయ్ కావాలన్న దగ్గు.

"చాయ్ కావాల్నా అడుగు ఆయన్ని," అన్నాను చెబెట్‌తో.

ఆమె నిటారుగా నిలబడి, స్కూల్లో పిల్లల పుస్తకం పెట్టుకుని నేర్చుకున్న తెలుగులో, "సార్, మీకు తేనీరు కావలెనా అని అమ్మగారు అడుగుచున్నారు," అంది.

"కావాలని జెప్పమ్మా. చక్కెర జర తక్కువెయ్యమను."

"అమ్మగారూ, కావలెనట. చక్కెర తక్కువ."

ఇంత సులువైన ఉపాయం ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో నాకు.

నవంబర్ 9

ఇవాళ ఆదివారం. ఆదివారాలు పైన ఇంకా చీకటి విడవకముందే పాట మొదలవుతుంది. చెబెట్ గొంతు పైకి పోతుంది, కిప్రోనో గొంతు కింద నడుస్తుంది. వాళ్ళ భాష నాకు తెలియదు కానీ, ఆ పాట వింటూ వాకిలి ఊడిస్తే చీపురు దానంతటదే కదులుతుంది. తర్వాత ఇద్దరూ ఇస్త్రీ బట్టలు వేసుకుని హైవే దాకా నడిచి, స్కూల్లోని చర్చికి ఆటో ఎక్కుతారు. మామూలు రోజుల్లో స్కూల్ బస్సు వస్తుంది. కిప్రోనో చేతిలో ఎప్పుడూ పిల్లల పరీక్ష పేపర్ల కట్ట. కెన్యా వాళ్ళంటే పరుగులని తలచి, స్కూల్లో ఆయనకే ఆటలు అప్పగించారట. "నేను బస్సు వెనుక కూడా పరుగెత్తలేను అమ్మగారూ," అంటాడు పాపం.

మధ్యాహ్నం చెబెట్ గిన్నెలో తెల్లటి ముద్ద తెచ్చింది. ఉగాలి అట, వాళ్ళ అన్నం. తుంచి నోట్లో పెట్టుకున్నాను. మక్కగట్క! మా అవ్వ మక్కజొన్నలు దంచి చేసే గట్కే. "ఇది మాది," అన్నాను. "కాదు, మాది," అంది. ఇద్దరం కాసేపు దాని మీద కొట్లాడుకుని, నా పచ్చిపులుసు పోసుకుని తిన్నాం.

"ఆయనకు కూడా పెట్టు," అన్నాను. పెట్టింది. "గట్క మస్తుగుందని జెప్పు," అన్నాడు. చెప్పింది.

నవంబర్ 20

సుచిత్ర సెంటర్ దగ్గర కాపురముండే మా బిడ్డ అశ్రిత ఫోన్ చేసింది. "మీ బాపుకు చెప్పు, బీపీ గోలీలు అయిపోయినయ్ అని" అన్నాను.

"అమ్మా, ఆయన నీ పక్కనే ఉన్నడు. నాకు దగ్గు సప్పుడు ఇనవడుతుంది. మీ ఇద్దరి నడుమల నేను రాను. బర్రె కోసం గింత పంతమా?"

పంతమేమిటి? మాట. మాట మీద నిలబడ్డాను.

నవంబర్ 21

పప్పులో ఉప్పు వేయడం మరిచాను. ఆయన చప్పుడు చేయకుండా అంతా తినేశాడు. చెబెట్ అప్పటికింకా స్కూల్ నుంచి రాలేదు మరి.

డిసెంబర్ 7

పైవాళ్ళు పిట్టగోడ మీద ఎర్రటి నక్షత్రం కట్టారు. వైరు పొడవు చాలక మా వరండా ప్లగ్గు నుంచి తీసుకున్నారు. కిప్రోనో కడుతుంటే ఆయన నిచ్చెన పట్టుకున్నాడు, నేను కింద నిలబడి చూస్తున్నాను. నక్షత్రం ఓ పక్కకు ఒరిగింది.

"చెబెట్, కొంచెం కుడికి జరపమని చెప్పు."

"సార్, కుడికి జరపవలెనని అమ్మగారు."

"కుడికంటే ఎవల కుడికో అడుగు."

"అమ్మగారూ, ఎవరి కుడి?"

"కండ్లు గనవడుతలేవా అని అడుగు!"

చెబెట్ కాసేపు ఆలోచించి, "సార్, మీ కళ్ళు కుశలమా అని అమ్మగారు అడుగుచున్నారు," అంది. ఆయన భుజాలు కదిలాయి. నవ్వాడో, నిచ్చెన కదిలిందో. నేను లోపలికి వచ్చేశాను.

ఇవాళ్టికి నా కోపం సగం మిగిలి ఉందనుకుంటాను. కానీ అన్నమాట ఒకటుంది కదా. సుక్కి ఎక్కడో మైసయ్య కొట్టంలో ఉంది, ఈ గేట్లోకి రాదు. మరి నేను నోరు విప్పేదెలా?

డిసెంబర్ 21

స్కూల్లో క్రిస్మస్ పండగకు మమ్మల్నిద్దర్నీ పిలిచారు. కారులో నేను వెనక సీట్లో కూర్చున్నాను. మేడ్చల్ దాటేదాకా రేడియో వాగింది.

ముందు పాటలు. చెబెట్ చెయ్యి ఎత్తితే అంతమంది పిల్లలు ఒక్కసారి నోరు తెరిచారు, చెయ్యి దించితే ఒక్కసారి మూశారు. మా ఇంట్లో కరివేపాకు అడుక్కునే పిల్లేనా అనిపించింది. గర్వంగా అనిపించింది, నేనేదో కన్నట్టు.

తర్వాత మమ్మల్ని ప్రిన్సిపాల్ దగ్గరికి తీసుకెళ్ళింది. "వీరే మా ఇంటివారు, ప్రతాప్ రెడ్డి గారు, ఇందిరమ్మ గారు. ఇక్కడి పెద్దలు ఎంత మర్యాదగలవారంటే, భార్యాభర్తలు నేరుగా మాట్లాడుకొనరు. నడుమ ఒక మనిషి ఉండవలెను. రెండేళ్ళు చూసిన తర్వాత, నమ్మకం కలిగి, ఆ గౌరవం నాకు ఇచ్చినారు."

నాకు చెవులు కాలిపోయాయి. ప్రిన్సిపాల్ కేరళావిడ. తెలంగాణలో అలాగే కాబోలని తల ఊపింది. ఈయన పైకప్పు వైపు చూస్తున్నాడు.

భోజనాల దగ్గర అసలు కథ. కిప్రోనో ఈయన వైపు వంగి, "సార్, పులావు చాలా బాగున్నదని నా భార్యకు దయచేసి చెప్పండి," అన్నాడు. ఆమె పక్కనే కూర్చుంది!

ఈయన గుటకలు మింగి, "అమ్మా, మీ ఆయన పులావు మంచిగున్నదంటున్నడు," అన్నాడు.

చెబెట్ నావైపు తిరిగి, "ధన్యవాదములు, ఇంకొంచెము వడ్డించుకొనుమని ఆయనకు చెప్పండి అమ్మగారూ," అంది. మా ఆచారం వాళ్ళూ పట్టారట. ఆదివారాలు హాస్టల్లో పిల్లల ముందు కూడా ఇలాగే మాట్లాడుకుంటూ తింటున్నారట.

నవ్వు ఆపుకోబోతే నాకు పొలమారింది. కళ్ళలో నీళ్ళు. ఈయన గ్లాసు నా ముందుకు జరిపి, చెబెట్‌తో, "తాగమను," అన్నాడు. తాగాను.

నిజం చెప్పేయాల్సింది. కానీ ఏమని చెప్పను? బర్రె కోసం అలిగామని చెబితే, బర్రె ఎందుకు పోయిందని అడుగుతుంది. మీ భయం వల్లే అని తెలిస్తే ఆ పిల్ల మనసు ఎంత నొచ్చుకుంటుంది!

జనవరి 18

ఫ్రిజ్‌లో గిన్నె కనిపించింది. మూత తీస్తే జున్ను. ఈనిన బర్రె మొదటి పాలతో చేసింది. మా గుండ్లపోచంపల్లిలో ఇప్పుడు జున్నుపాలు ఎక్కడ దొరుకుతాయి?

చెబెట్ వచ్చి, "అమ్మగారూ, సార్ చెప్పమన్నారు: దుడ్డె పుట్టినది. తల్లీ బిడ్డా క్షేమము. ఎవరు సార్, అని అడిగితే, అమ్మగారికి తెలుసు అన్నారు," అంది.

"ఎవరు అమ్మగారూ ప్రసవించినది?" అని తనే మళ్ళీ అడిగింది.

"మా సుక్కి," అన్నాను.

"అవునా! నేను అడుగుదామనుకుంటిని, ఈ మధ్య కనబడలేదు. ఎక్కడ ఉన్నది?"

"పురుటికి పుట్టింటికి పోయింది," అనేశాను.

చెబెట్ కళ్ళు పెద్దవయ్యాయి. బర్రెలను కూడా పురుటికి పంపే మా మర్యాదకు మురిసిపోయింది. మరి ఎప్పుడు తిరిగి వస్తుందని అడిగింది. మూడో నెల దాటాక బిడ్డతో పంపుతారని చెప్పాను. అబద్ధం చెప్పాక ఆపడం కష్టం.

జున్ను ముట్టుకోలేదు.

జనవరి 19

రెండు ముక్కలు తిన్నాను. పాడైపోతుందని.

ఫిబ్రవరి 15

ఆదివారమైతే చాలు, ఈయన "భూమి పని" అని శామీర్‌పేట పోతున్నాడు. ఇవాళ అంగీ ఉతుకుతుంటే జేబులో గడ్డిపోచలు. తొడ దగ్గర ప్యాంటు మీద దుడ్డె నాకిన మరక. నాకు తెలియదా ఆ మరక? అరవకుండా సబ్బు పెట్టి రుద్దాను.

ఒక్కసారి అడగాలని ఉంది. దుడ్డెకు నుదుట చుక్క ఉందా, లేదా? అంతే. ఆ ఒక్క మాట.

చెబెట్‌తో అడిగించవచ్చు. కానీ ఇది చెబెట్‌తో అడిగించే మాట కాదు.

మార్చి 8

అడగలేదు.

ఏప్రిల్ 2

పైవాళ్ళకు టికెట్లు వచ్చాయి. స్కూల్ సెలవులిచ్చాక కెన్యా పోయి, జూన్‌లో బడి తెరిచే ముందు వస్తారు. వాళ్ళ అమ్మకు ఇవ్వడానికి చెబెట్ నా దగ్గర సకినాలు చేయడం నేర్చుకుంది. చుట్టు తిప్పడం రాక అన్నీ పాముల్లా చేసింది.

సంతోషంగా పొండి అన్నాను. తర్వాత బియ్యం ఏరుతూ కూర్చుంటే ఒక్కసారిగా తట్టింది. నెలన్నర పాటు ఈ ఇంట్లో ఎవరు ఎవరికి ఏం చెబుతారు? ఆయన గోలీలు అయిపోతే? నాకు జ్వరం వస్తే? అశ్రిత నడుమల రానంది. దగ్గు ఒక్కటే మిగులుతుంది మాకు.

మాట్లాడాలని ఉంది. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి నిజమే రాస్తాను. ఆయనతో మాట్లాడాలని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ ముందు నేను నోరు తెరిస్తే జీవితాంతం దెప్పుతాడు. ఆయన సంగతి నాకు తెలుసు. నా సంగతీ ఆయనకు తెలుసు.

ఏప్రిల్ 12

చెబెట్ సంతోషంగా వచ్చింది. "అమ్మగారూ, మీ మాట సార్‌కు చెప్పినాను."

"ఏ మాట?" నేనేం చెప్పమనలేదు.

"మూడో నెల నిండవచ్చినది కదా. సుక్కిని, బిడ్డను పుట్టింటి నుంచి తీసుకొని రావలెనని అమ్మగారు ఎదురుచూస్తున్నారు, అని చెప్పినాను. మేము వెళ్ళే లోపల నేను ఆ బిడ్డను చూడవలెను. దూరం నుంచి."

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. "ఆయనేమన్నడు?"

"తల గోక్కున్నారు. తర్వాత, ఇంకోసారి చెప్పమ్మా అన్నారు. మళ్ళీ చెప్పినాను. మూడోసారి కూడా అడిగినారు."

ఏప్రిల్ 19

ఇవాళ్టిది కుదురుగా రాయాలి.

పొద్దున పది దాటాక గేటు ముందు ట్రాలీ ఆటో ఆగింది. వెనక ఈయన, చెమటతో తడిసి, ఒళ్ళంతా గడ్డితో. ఆయన చేతుల్లో దుడ్డె. నుదుట తెల్లచుక్క ఉంది! గోధుమ పిండి వేలితో అద్దినట్టు, అచ్చం తల్లిది. నేను వాకిట్లో నిలబడిపోయాను. చెబెట్ మెట్ల మీద నాలుగో మెట్టు దాకా వచ్చి రెయిలింగు పట్టుకుని ఆగింది.

ఈయన దుడ్డెను దించాడు. దాన్ని గేట్లోకి నడిపించాడు. నావైపు చూశాడు, పందెం గెలిచిన పిల్లాడిలా. దుడ్డె మాత్రం నాలుక చాచి సన్నగా అరిచింది. మళ్ళీ అరిచింది. నేను ట్రాలీ వైపు చూశాను. ఖాళీ.

"సుక్కేది?"

అడిగేశాను. ఆయన్నే అడిగాను. అప్పటికి నాకు తెలియలేదు.

"మైసయ్య ఇయ్యనంటున్నడు. ఆరు నెలల సంది తిరుగుతున్న. పాలిచ్చే బర్రెను ఎట్లిస్త పటేలా అంటడు. ఆఖరికి దుడ్డెను తీస్కపో అన్నడు."

"పాలు మరవని దుడ్డెను తల్లి కాడికెల్లి గుంజుకొస్తవా? నీకు బుద్ధున్నదా?"

వెనక నుంచి చెబెట్ గొంతు వినిపించింది, మర్యాదగా, స్పష్టంగా. "సార్, మీకు బుద్ధి ఉన్నదా అని అమ్మగారు అడుగుచున్నారు."

"నువ్వే అంటివి కదనే, మూడో నెల దాటినంక తేవాలని!" ఈయన అరిచాడు.

"అమ్మగారూ, తమరే మూడో నెల అని..."

"గది పురుటి ముచ్చట! ఇది దుడ్డె! అక్కడ తల్లి మొత్తుకోదా? పొదుగు సలపదా? బర్రెలున్న ఇంట్ల పుట్టినోనివేనా నువ్వు?"

"సార్, పొదుగు... అమ్మగారూ, దయచేసి నిదానముగా, సలపడం అనగా ఏమి?"

"నీ కోసమే తెచ్చిన గద! నీ నోట్లకెల్లి ఒక్క మాట ఇందామని!"

"అమ్మగారూ, మీ కోసమే..." చెబెట్ ఆగింది. దుడ్డె ఒక్కటే అరుస్తోంది.

మాట్లాడేశాను. ఆయన కూడా మాట్లాడేశాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఎండకు కావచ్చు. నాకు ఎండ తగల్లేదు, అయినా నా కళ్ళూ అంతే.

"ఎక్కు," అన్నాను. "దీన్ని వాళ్ళమ్మ కాడికి తోలుకపోదాం. జల్దీ."

ఆయన దుడ్డెను ఎత్తుకుని ట్రాలీ వెనక కూర్చున్నాడు, పక్కన నేను. "నేనూ వచ్చెదను, మీకు ఎవరు చెబుతారు?" అంటూ చెబెట్ చెప్పులు కూడా లేకుండా ఎక్కింది. వద్దనలేకపోయాను. ఆటో గుంతలో పడితే దుడ్డె తల పోయి ఆమె ఒళ్ళో వాలింది. కేక వేయబోయి ఆగింది. తర్వాత మెల్లగా రెండు వేళ్ళతో ఆ చుక్కను తాకింది.

దారి పొడవునా మేమిద్దరం ఆగలేదు. అక్క మోకాలు, అశ్రిత అత్తగారు, ఉప్పు లేని పప్పు, నక్షత్రం. కొట్లాడుకున్నామో, కబుర్లు చెప్పుకున్నామో నాకే తెలియదు. చెబెట్ తల అటూ ఇటూ తిప్పుతూ చూసింది. ఆఖరికి, "అమ్మగారూ, మీరు నేరుగా మాట్లాడుచున్నారు. ఏమైనా అపచారమా?" అంది.

చెప్పేశాను. అంతా. బర్రె సంగతి, వాళ్ళ భయం సంగతి కూడా. "నువ్వేం మనసుల పెట్టుకోకు బిడ్డా. మీరు అమ్మమనలే. గీయన కారు పిచ్చి."

చెబెట్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందేమోనని దగ్గరికి జరిగాను. భుజాలు ఊగుతున్నాయి. చేతులు తీస్తే నవ్వు.

"అమ్మగారూ, మా అత్తగారికి ఫోన్‌లో చెప్పినాను ఈ ఆచారం. ఆమెకు చాలా నచ్చినది. డిసెంబర్ నుంచి మా మామగారితో నేరుగా మాట్లాడుట లేదు!"

ఈయన నవ్వలేక దుడ్డె మెడ పట్టుకున్నాడు.

మైసయ్య కొట్టం ముందు ఎదురొచ్చాడు. "నేను జెప్పిన పటేలా, తల్లి మొత్తుకుంటదని. ఇన్నవా?" సుక్కి కట్టుకొయ్యను పీకేట్టు గుంజుతోంది. దుడ్డెను వదలగానే దాన్ని తల నుంచి తోక దాకా నాకింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది, నా కొంగు నమిలింది, ఎప్పటిలాగే. అక్కడ దాని మేత బాగుంది, నీడ బాగుంది. ఒప్పుకోవాలి. దుడ్డె మేత మరిగాక మాకే ఇస్తానని మైసయ్య మాటిచ్చాడు.

చెబెట్ గుమ్మం దగ్గరే నిలబడి, "సుక్కీ, క్షమించు," అంది. నేను చెయ్యి చాపితే వచ్చి దాని వీపు మీద చెయ్యి పెట్టింది. ఒక్క క్షణమే.

తిరుగు దారిలో ఈయన, "మరి నీ శపథం ఏమాయె? సుక్కి గేట్ల అడుగు వెట్టలే గద," అన్నాడు. దెప్పుతాడని అనుకోలేదా నేను?

"దాని బిడ్డ వెట్టింది. సాలు," అన్నాను.

ఏప్రిల్ 20

కారు షెడ్డులో కొట్టానికి ఎంత చోటు కావాలో ఇద్దరం అడుగులేసి చూశాం. కారు బయట ఉంటుందట. ఆయనే అన్నాడు.

ఏప్రిల్ 25

పైవాళ్ళు వెళ్ళారు. కిప్రోనో నాకు దండం పెట్టి, "అమ్మగారూ, నేను ఇప్పుడు నా భార్యతో నేరుగా మాట్లాడవచ్చునా?" అన్నాడు. "జర ఆలోచించుకో," అని ఈయన సలహా ఇచ్చాడు. చెబెట్ సకినాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ముందు అత్తామామల్ని కలిపి ఆ తర్వాతే పెట్టె తెరుస్తానంది. నన్ను గట్టిగా పట్టుకుంది. ఏడ్చాను. జూన్‌లో వస్తారు కదా. అయినా ఏడ్చాను.

టాక్సీ మలుపు తిరిగింది. ఈయన వరండా కుర్చీలో కూర్చుని, మెట్ల వైపు చూసి, "చాయ్ అయితదేమో అడుగు," అన్నాడు. మెట్ల మీద ఎవరూ లేరు.

"ఎవల్ని అడుగుతున్నవ్?" అన్నాను.

నావైపు తిరిగాడు. "నిన్నే," అన్నాడు.

పెట్టాను. ఒక గుక్క తాగి, చక్కెర ఎక్కువైందన్నాడు. ఉప్పు లేని పప్పు గప్‌చుప్‌గా తిన్న మనిషి, నా మొహం మీదే అన్నాడు.